మనకి నెట్ ఎప్పుడొచ్చింది?

"మన ఊరికి నెట్ ఎప్పుడొచ్చింది?" అని అరకు లోయలో ఎవరినడిగినా టక్కున జవాబు చెప్తారు. చిక్కల్లా ఒకరి జవాబు ఇంకొకరిదానితో కలవకపోవడమే. బజార్లో జిరాక్సు షాపు పెట్టుకున్నాయన ఫోను తీగకి కంప్యూటర్ తగిలించుకున్న రోజులు చెప్తాడు. డిగ్రీ చదివే కుర్రాడు జియో సిమ్ములొచ్చిన 2016 అంటాడు. పరీక్షకి చదువుకున్న పిల్ల 1969 అంటుంది, అది అమెరికా లెక్క. కొండమీది పల్లెలో ఉండే ముసలామె మాత్రం "డిపోలో ఏలిముద్రల మిషను ఎట్టారు గదా, అప్పుడు" అంటుంది.

నా ఓటు ఆ ముసలామెకే. అభిమానం కొద్దీ కాదు, ఇంటర్నెట్ పనిచేసే తీరు చూశాక వేస్తున్న ఓటు. ఆ తీరేమిటో తెలియాలంటే ముందు కాసేపు కొండ దిగి చాలా దూరం వెళ్ళాలి.

పుట్టినరోజులు చాలానే ఉన్నాయి

1969 అక్టోబరు 29, రాత్రి పదిన్నర. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చార్లీ క్లైన్ అనే విద్యార్థి, 560 కిలోమీటర్ల అవతల స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో ఉన్న కంప్యూటర్‌లోకి ప్రవేశించడానికి 'లాగిన్' అని టైపు చెయ్యబోయాడు. ఇంగ్లీషులో అయిదక్షరాలు. రెండక్షరాలు చేరేసరికి అవతలి కంప్యూటర్ చతికిలబడింది. గంట తరవాత మళ్ళీ ప్రయత్నిస్తే కుదిరింది. అమెరికా రక్షణ శాఖ సొమ్ముతో వేసిన ఆ వల పేరు అర్పానెట్. చాలా పుస్తకాల్లో ఇంటర్నెట్ పుట్టినరోజు ఇదే.

నాకు దీనితో పేచీ ఉంది. అర్పానెట్ ఒకే వల. ఒకే యాజమాన్యం, అద్దెకి తీసుకున్న టెలిఫోను తీగలు, కూడళ్ళలో ఒకే రకం యంత్రాలు. తీగ వెయ్యగలిగిన చోటికే అది వెళ్తుంది. తీగ వెయ్యలేని చోటి సంగతేమిటి? ఈ ప్రశ్న ముందుగా ఎదురైంది కొండలకి కాదు, దీవులకి. హవాయిలో టెలిఫోను లైన్లు నాసిగా ఉండేవి. అక్కడి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం 1971లో దీవుల మధ్య కంప్యూటర్లని రేడియోతో కలిపింది. దానికి అలోహానెట్ అని పేరు పెట్టారు. ఎవరి వంతు ఎప్పుడో చెప్పే పెద్ద ఎవరూ అందులో లేరు. చెప్పాలనుకున్న కంప్యూటర్ చెప్పేస్తుంది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడి మాటలు గుద్దుకుంటే ఇద్దరూ ఆగి, ఒకరు కొంచెం తక్కువసేపు, ఒకరు కొంచెం ఎక్కువసేపు ఊరుకుని మళ్ళీ చెప్తారు. ఇంతే కిటుకు. ఇవాళ మన సెల్లు టవర్‌ని మొదటిసారి పలకరించేటప్పుడు వాడేది ఈ కిటుకు సంతానాన్నే. ఒక టవర్ కింద వందల సెల్లులున్నా మొదటి పిలుపుకి వరస పద్ధతి లేదు. గుద్దుకుంటే ఆగి, మళ్ళీ పిలవడమే.

ఇప్పుడు రెండు వలలయ్యాయి, ఒకటి తీగల మీద, ఒకటి గాలిలో. ఉపగ్రహం మీదుగా మూడోదీ వచ్చింది. ఒకదాని మాట ఒకదానికి తెలియదు. ఈ మూడింటినీ కలిపే ఒప్పందాన్ని వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ 1974లో రాశారు. 1977 నవంబరు 22న దాన్ని పరీక్షించారు. శాన్ ఫ్రాన్సిస్కో దగ్గర హైవే మీద పరిగెడుతున్న ఒక వ్యాను లోంచి రేడియోలో సందేశం బయల్దేరింది. అర్పానెట్ తీగలెక్కింది, ఉపగ్రహం మీదుగా యూరప్ వెళ్ళింది, వెనక్కొచ్చి లాస్ ఏంజెలెస్‌లో తేలింది. పైకెక్కి దిగడంతో కలిపి లక్ష కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం.

నన్నడిగితే లోకానికి ఇంటర్నెట్ మొదలైంది ఆ వ్యానులో. అర్పానెట్ మొత్తం ఈ ఒప్పందంలోకి మారిన 1983 జనవరి 1ని కొందరు లెక్కలోకి తీసుకుంటారు, అదీ న్యాయమే. కానీ ఒకటి గమనించండి. ఆ మొదటి ఇంటర్నెట్ సందేశం బయల్దేరింది తీగలేని చోట నుంచి. పట్నంలో తీగల మీద పుట్టి, చివరికి కొండలకి గాలిలో వచ్చిందని మనం అనుకుంటాం. నిజానికి గాలిలో మాట పంపాల్సిన అవసరమే దాన్ని పుట్టించింది.

ఇక టిమ్ బర్నర్స్-లీ తయారుచేసిన వెబ్, 1991లో బయటికొచ్చి, 1993 ఏప్రిల్ 30న అందరికీ ఉచితమై, బొమ్మలూ పేజీలూ తెచ్చిపెట్టింది. చాలామంది జ్ఞాపకాల్లో ఇంటర్నెట్ అంటే వెబ్బే. రెండూ ఒకటి కావు. వెబ్ ఆ దారి మీద తిరిగే బళ్ళలో ఒకటి, అంతే. రేషన్ డిపోలో వేలిముద్రల మిషను వాడేటప్పుడు ఎవరూ ఏ వెబ్ పేజీ తెరవరు. అయినా అది ఇంటర్నెట్టే.

బారిక మోసే కబురు

ఆ ఒప్పందంలో ఏముందో చెప్పడానికి మన్యంలోనే ఒక మనిషి ఉన్నాడు. పాడేరు, అరకు వైపు పల్లెల్లో పెద్దని నాయుడంటారు. పండగలకీ పనులకీ రోజు చూసి పెట్టేవాడు దిసారి. కబురు మోసేవాడు బారిక.

దిసారి ఇటుకల పండగకి రోజు పెట్టాడనుకుందాం. ఆ కబురు పది కొండల అవతలి చుట్టాల ఊరికి చేరాలి. ఒకే బారిక పది కొండలూ ఎక్కి దిగనక్కర్లేదు. పక్కఊరి బారికకి అందిస్తే చాలు. అతను తన పక్కఊరికి అందిస్తాడు. ఏ బారికకీ మొత్తం దారి తెలియనక్కర్లేదు, ఫలానా ఊరికి వెళ్ళాల్సిన కబురు తన దగ్గర నుంచి ఏ పక్కకి సాగాలో తెలిస్తే సరిపోతుంది. ఇంటర్నెట్ కూడళ్ళలో కూర్చుని ఈ పనే చేసే పెట్టెని రౌటర్ అంటారు. భూమ్మీద ఉన్న చిరునామాలన్నిటికీ దారి దానికి తెలియదు. పక్కన ఎవరికివ్వాలో తెలుసు.

కబురు పొడుగైతే? ఒక్కడు గుర్తుపెట్టుకోలేడు. ముక్కలుగా చేసి ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి నలుగురికిస్తారు. ఈ ముక్కలని పొట్లాలందాం, ఇంజనీర్లు ప్యాకెట్లంటారు. మూడో పొట్లం పట్టుకెళ్ళేవాడికి గెడ్డ పొంగి అడ్డొచ్చింది, చుట్టూ తిరిగి వెళ్ళాడు. నాలుగోది ముందు చేరింది. ఫరవాలేదు, అంకెలున్నాయి గనక అవతలి ఊళ్ళో వరసగా పేర్చుకుంటారు. రెండోది అసలు రాలేదు. అప్పుడు అవతలివాళ్ళు, "ఒకటో పొట్లం దాకా అందింది, రెండోది పంపండి" అని తిరుగు కబురు చేస్తారు. ఎంతకీ తిరుగు కబురు రాకపోతే పంపినవాళ్ళే మళ్ళీ పంపుతారు.

ఈ ఏర్పాటులో తెలివంతా ఇక్కడుంది. మధ్యలో ఉన్న బారికలెవరూ హామీ ఇవ్వరు. వాళ్ళలో ఒకడు నడిచి వెళ్ళొచ్చు, ఒకడు జీపెక్కొచ్చు, ఒకడు కొండమీంచి కేకెయ్యొచ్చు. పొట్లం మీద ఊరిపేరు ఎక్కడ రాయాలో, అంకె ఎక్కడ వెయ్యాలో అందరూ ఒక్క తీరున పాటిస్తే చాలు. చేరిందా లేదా అని చూసుకునే పూచీ ఈ చివర ఉన్నవాళ్ళదీ ఆ చివర ఉన్నవాళ్ళదీ. అందుకే తీగ, రేడియో, ఉపగ్రహం, గాజుపోగు (ఫైబర్) ఏదైనా మధ్యలో ఇమిడిపోతుంది. వీటిలో ఏదీ ఇంటర్నెట్ కాదు. పంపిన మాట చేరడం, చేరినట్టు జవాబు రావడం, ఈ రెండూ కలిస్తేనే ఇంటర్నెట్. తిరుగు కబురు లేకపోతే అది రేడియో వినడంతో సమానం.

విశాఖ దాకా వచ్చి ఆగింది

మన దేశంలో చదువుల కోసం ఎర్నెట్ 1986లో మొదలైంది. అయిదు ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ వంటి కొద్ది చోట్లే దాని రాజ్యం. ప్రభుత్వం కోసం నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ 1980ల చివర్లో వేసిన నిక్‌నెట్ జిల్లా కేంద్రాలని ఉపగ్రహంతో కలిపింది. అరకు అప్పుడు విశాఖ జిల్లాలోనిదే. కాగితం మీద చూస్తే మన్యం ఏనాడో వలలో చేరిపోయింది. కలెక్టరాఫీసు మేడమీద గొడుగు యాంటెనా పెట్టారు, కొండమీది ఊరి లెక్కలు అందులోంచి ఢిల్లీ వెళ్ళాయి. ఆ ఊరివాళ్ళకి మాత్రం ఆ సంగతి తెలియదు. లెక్కలు వెళ్ళాయి గాని, వాటి మీద జవాబడిగే వీలు వాళ్ళకి లేదు.

జనం కోసం విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న తలుపులు తీసింది. బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసు. బొమ్మలు కూడా కనిపించే ఖాతాకి మామూలు మనిషి ఏడాదికి 15,000 రూపాయలు కట్టాలి, వేగం సెకనుకి 9.6 కిలోబిట్లు. ఇవాళ సెల్లుతో తీసిన మూడు మెగాబైట్ల ఫోటో ఆ లైను మీద దిగడానికి నలభై నిమిషాలు పట్టేది, అదీ మధ్యలో లైను తెగకపోతే. కీచుమంటూ పలికే మోడెమ్‌కి ఫోను కావాలి, ఫోనుకి తీగ కావాలి. ఘాట్ రోడ్డు మీద వానాకాలంలో స్తంభాలు ఒరిగిపోయే చోట ఆ మాట ఎత్తడమే దండగ. 1998లో ప్రైవేటు కంపెనీలకి అనుమతిచ్చాక పట్నాల్లో నెట్ సెంటర్లు పుట్టగొడుగుల్లా లేచాయి. గంటకింత అని తీసుకునేవాళ్ళు. మన్యం నుంచి విశాఖ హాస్టళ్ళకి చదువుకోడానికి వెళ్ళిన కుర్రాళ్ళకి నెట్ పరిచయమైంది ఆ చెక్క గదుల్లోనే. సెలవలకి ఇంటికెళ్తే అక్కడ దాని ఊసు లేదు.

అరకు కాఫీ కథని దీని పక్కన పెట్టి చూస్తే ఈ వ్యవహారం మరీ చిత్రంగా కనిపిస్తుంది. 2017లో పారిస్‌లో అరకు కాఫీకి ప్రత్యేకంగా దుకాణం తెరిచారు. ఆ గింజలు కోసిన పల్లెల్లో చాలావాటి నుంచి అప్పటికి పక్క మండలానికి ఫోను చెయ్యాలన్నా కొండ ఎక్కాల్సిందే.

టిక్కలుంటాయి, కాల్ వెళ్ళదు

సిగ్నల్ మెట్ట లేని ఊరు మన్యంలో అరుదు. ఊరికి ఎగువన ఒక బండో, చింతచెట్టు మొదలో ఉంటుంది. అక్కడ నిలబడితే సెల్లు పలుకుతుంది, నాలుగడుగులు పక్కకేస్తే పలకదు. దీనికి కారణం కొండే. రేడియో అలలు వెలుగులాంటివే, ఎదురుగా ఉన్నదాన్ని చేరతాయి, కొండ వెనక నీడ పడుతుంది. కాకపోతే అల పొడుగైనకొద్దీ అంచు దగ్గర కాస్త వంగి నీడలోకి దిగుతుంది. పాత 2జీ వాడిన 900 మెగాహెర్ట్‌జ్ అల పొడవు 33 సెంటీమీటర్లు, ఒక అడుగు కన్నా ఎక్కువ. 4జీ వాడే వాటిలో 2300 మెగాహెర్ట్‌జ్ అలది 13 సెంటీమీటర్లే, జానెడు కూడా లేదు. అది అంతగా వంగదు, ఆకులూ తడీ దాన్ని ఎక్కువ తినేస్తాయి. "పాత డబ్బా సెల్లుకి అందేది, కొత్త సెల్లుకి అందదు" అని పల్లెల్లో అనే మాటలో భౌతికశాస్త్రం ఉంది.

ఇంకో ఫిర్యాదుంది. సెల్లులో సిగ్నల్ టిక్కలు కనిపిస్తాయి, కాల్ మాత్రం వెళ్ళదు. ఇదీ అబద్ధం కాదు. టిక్కలు చెప్పేది టవర్ గొంతు మనకి ఎంత వినిపిస్తోందో. మన గొంతు టవర్‌కి వినిపిస్తోందా లేదా అన్నది వాటికి తెలియదు. టవర్ పదుల వాట్లతో అరుస్తుంది, 4జీ సెల్లు వాటులో అయిదో వంతుతో గొణుగుతుంది. నడుమ కొండ అంచు ఉంటే అరుపు దాటుతుంది, గొణుగుడు దాటదు. ఇంతకుముందు అనుకున్న తిరుగు కబురు తెగిపోయే చోటిదే.

ఇప్పుడు డిపో దగ్గరికి వద్దాం. ఏజెన్సీలో రేషన్ ఇచ్చేది ఎక్కువగా గిరిజన సహకార సంస్థ డిపోలు. 1956లో పుట్టిన ఆ సంస్థని అందరూ జీసీసీ అనే అంటారు. రాష్ట్రంలో రేషన్‌కి 2015 నుంచి ఈ-పోస్ మిషన్లు వచ్చాయి. చేతిలో పట్టేంత మిషను, పక్కన వేలు పెట్టే గాజు పలక, లోపల సిమ్ము, పైన చీటీ బయటికొచ్చే సందు. కార్డు నంబరు కొడితే ఇంట్లోవాళ్ళ పేర్లొస్తాయి. పేరు నొక్కి వేలు పెట్టాలి. పలక కింద దీపం వెలుగుతుంది. మిషను వేలి గీతల ఆనవాళ్ళని తాళం వేసిన చిన్న పొట్లంగా కట్టి పంపుతుంది. సిమ్ము కంపెనీ టవర్, గాజుపోగుల దారి, రాష్ట్రం సర్వర్లు దాటి అది ఆధార్ కేంద్రం చేరుతుంది. ఆ డేటా కేంద్రాలు బెంగళూరులోనూ హర్యానాలోని మానేసర్‌లోనూ ఉన్నాయి. అక్కడ పోల్చి చూసి అవునో కాదో చెప్తారు. వెళ్ళేది కొద్ది కిలోబైట్లు, వచ్చేది ఒక్క మాట. అవును అంటే చీటీ వస్తుంది, బియ్యం వస్తాయి.

వ్యాను లోంచి 1977లో జరిగిన పనికీ దీనికీ తేడా ఏముంది? గాలిలో బయల్దేరడం, ఎవరెవరివో వలలు దాటడం, జవాబు పట్టుకుని రావడం అన్నీ ఉన్నాయి. ముసలామె తన చేతివేలితో ఇంటర్నెట్‌కి ఒక ప్రశ్న పంపి జవాబు తీసుకుంది. విశాఖ కలెక్టరాఫీసులో గొడుగు పెట్టినప్పుడు జరగనిది ఇదే.

అది సుఖంగా ఏమీ జరగలేదు. పోడు కొట్టీ, దుంపలు తవ్వీ అరిగిన వేళ్ళకి గీతలు ఆనక, కళ్ళ మిషను తెచ్చారు. సిగ్నల్ లేని చోట డీలరు మిషను పట్టుకుని మెట్ట ఎక్కేవాడు. జనం వెనకే ఎక్కి వేలు వేసి, మళ్ళీ దిగి బియ్యం తెచ్చుకునేవాళ్ళు. 2020లో కరోనా బడులు మూయించాక పిల్లలు ఆన్‌లైన్ పాఠాలకి అవే మెట్టలెక్కారు. పట్నంవాళ్ళకి ఇంటర్నెట్ తొలి జ్ఞాపకం మోడెమ్ కీచు శబ్దం, సినిమా పాట దిగే దాకా కూర్చోవడం. మన్యంలో చాలామంది పెద్దవాళ్ళకి తొలి జ్ఞాపకం "నువ్వు నువ్వేనా?" అని యంత్రం అడగడం. మొదలు ఒకటే అయినా చూపించిన ముఖం వేరు. దీన్ని నేను తేలిగ్గా తీసుకోలేను.

ఉపగ్రహం, మంచు, చిప్పు

టవర్ నిలబెడితే సరిపోదు. టవర్‌ని లోకంతో కలపాలి. బండరాతిలో, అడవిలో కేబుల్‌కి కందకం తవ్వడం మాటలు కాదు. ఒక దారి, కొండ శిఖరం నుంచి శిఖరానికి గిన్నె యాంటెనాలతో గెంతించడం. రాష్ట్రం ఫైబర్‌నెట్ పెట్టినప్పుడు గాజుపోగుని తవ్వకుండా కరెంటు స్తంభాల మీంచే లాగింది. మూడో దారి ఉపగ్రహం. తీవ్రవాద ప్రభావిత ప్రాంతాలకి కేంద్రం 2014లో ఆమోదించిన టవర్లలో చాలావాటికి అదే దిక్కైంది. అక్కడ చిక్కు దూరం. ఉపగ్రహం 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంది. వెలుగు వేగంతో పోయినా మాట ఎక్కి దిగడానికి పావు సెకను, జవాబు ఎక్కి దిగడానికి ఇంకో పావు. అందుకే అటువంటి టవర్ కింద ఫోన్లో ఇద్దరూ ఒకేసారి "ఆఁ?" అనుకుంటారు.

2017లో గూగుల్ మాతృసంస్థ వారి ఎక్స్ సంస్థతో రాష్ట్రం ఇంకో పథకం ప్రకటించింది. తీగ లేకుండా వెలుగు పుంజంతోనే సమాచారం పంపే పెట్టెలు, 2,000 జతలు. ఎదురెదురుగా కనిపిస్తే 20 కిలోమీటర్ల దాకా పనిచేస్తాయన్నారు. కొండలకి కందకాలు తప్పుతాయి గనక ఆలోచన బాగుంది. కానీ వెలుగుకి శత్రువు పొగమంచు. మంచు బిందువుల సైజు వెలుగు అలలకన్నా పెద్దది, ప్రతి బిందువూ పుంజాన్ని చెదరగొడుతుంది. చలికాలం తెల్లవారుజామున లంబసింగిలో పది గజాల ముందున్న మనిషే కనపడడు. వానకి బెదరని పుంజం ఆ మంచులో చచ్చుపడుతుంది. రేడియో అల అదే మంచుని లెక్కచెయ్యకుండా దాటిపోతుంది.

ఇవేవీ లేని రోజుల్లో మన్యం ఊరుకోలేదు. సంతలో సెల్లు రిపేరు బల్ల ముందు చూసే ఉంటారు. ఇరవై రూపాయలిస్తే చిప్పు నిండా పాటలెక్కించేవాడు. ఆ చిప్పు ఊరికెళ్ళేది, బ్లూటూత్‌లో ఒక సెల్లు నుంచి ఇంకోదానికి పాకేది. దీన్ని నెట్ అనొచ్చా? నవ్వకండి, ఇంజనీర్లు సీరియస్‌గానే అడిగిన ప్రశ్న ఇది. కర్ణాటకలో దొడ్డబళ్ళాపుర ప్రాంతంలో 2000ల మొదట్లో డాక్‌నెట్ అనే ప్రయోగం చేశారు. బస్సుకి వైఫై పెట్టె బిగించారు. ఊళ్ళో ఆగినప్పుడు అక్కడి కంప్యూటర్ దాచుకున్న ఉత్తరాలన్నీ బస్సెక్కుతాయి, పట్నం చేరాక దిగి నెట్‌లోకి వెళ్తాయి, జవాబులు తరవాతి బస్సుకొస్తాయి. ఒప్పందం రాసిన సెర్ఫే 1998 నుంచి, గ్రహాల మధ్య సందేశాలకి ఇలాంటి పద్ధతి మీద పనిచేశారు. అంగారకుడి దగ్గర ఉన్న నౌక గ్రహం వెనక్కి వెళ్తే సిగ్నల్ ఉండదు. అందాకా మూట కట్టి దాచుకుని, దారి తెరిచాక పంపాలి. జవాబు ఆలస్యమైతే నష్టం లేదు, వస్తే చాలు. ఈ కొలతతో డాక్‌నెట్ బస్సు ఇంటర్నెట్టే. సంతలో చిప్పు కాదు. పాట ఊరికి వచ్చేది గాని, ఊరి పాట ఆ దారిన వెనక్కి వెళ్ళేది కాదు.

2023 జూన్‌లో రాష్ట్రంలో ఒకేసారి 100 టవర్లు ప్రారంభించారు. వాటిలో 85, పాడేరు కేంద్రంగా 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోవే. కొన్ని ఊళ్ళకి మెట్టెక్కే పని తప్పింది. రెండు గట్ల నడుమ ఇరుక్కున్న పల్లెలకి తప్పలేదు, నీడ నీడే.

ఏ భాషలో మొదలైంది?

తెలుగువాళ్ళకి ఇంకో పుట్టినరోజు లెక్క కూడా ఉంది. 1990ల మొదట్లో అమెరికాలో ఉన్న తెలుగు విద్యార్థులు యూజ్‌నెట్‌లో తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకునేవాళ్ళు. ఆ రాతకి ఒక క్రమం హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో ఏర్పడింది. ఆర్‌టీఎస్ అని ఇప్పటికీ వాడుతున్నది అదే. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగు అక్షరాలకి చోటిచ్చారు, కంప్యూటర్లు దాన్ని సరిగా చూపించడానికి పదేళ్ళ పైనే పట్టింది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది.

అరకు చుట్టూ ఇళ్ళలో మాట్లాడేది తెలుగొక్కటే కాదు. కువి, గదబ, కొండ, పోర్జ, ఆదివాసీ ఒరియా ఉన్నాయి. బడిపిల్లల కోసం ఉమ్మడి రాష్ట్రంలో కువి, కొండ, ఆదివాసీ ఒరియా సహా ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలు వేసినప్పుడు తెలుగు లిపినే వాడారు. ఆ నిర్ణయం వల్ల యూనికోడ్ తెలుగు గడిలోనే కువి కూడా రాసుకోవచ్చు. చిక్కు రెండు చోట్ల వస్తుంది. గొంతులో టక్కున ఆగే కువి ధ్వనికి తెలుగు లిపిలో అక్షరం లేదు. పైగా సెల్లు కీబోర్డు కువి మాట కొట్టగానే దాన్ని తెలుగు తప్పనుకుని దిద్దేస్తుంది.

కొండల అవతల బస్తర్ వైపు దీనికి మంచి ఉపాయం చేశారు. శుభ్రాంశు చౌధురి 2010లో సీజీనెట్ స్వర మొదలుపెట్టారు. ఒక నంబరుకి మిస్డ్ కాల్ ఇస్తే కంప్యూటర్ తిరిగి చేసేది. గోండీలోనో హిందీలోనో చెప్పదలచుకున్నది చెప్తే, సరిచూశాక అందరూ ఫోన్లో వినే వీలుండేది, నెట్‌లోనూ పెట్టేవాళ్ళు. చెప్పినవాడి చేతిలో ఉన్నది పాత డబ్బా సెల్లే. రాతా లేదు, డేటా ప్యాకూ లేదు. మా ఊళ్ళో చేతిపంపు పాడైందని, కూలి డబ్బులు రాలేదని చెప్తే సంబంధిత అధికారికి విన్నవాళ్ళు ఫోన్లు చేసేవాళ్ళు, పంపు బాగైతే ఆ సంగతీ అదే నంబరుకి చెప్పేవాళ్ళు. ఇంటర్నెట్ కొస తన ఊరికి రాకముందే ఆ మనిషి మాట వెళ్ళింది, జవాబూ తెచ్చుకుంది.

అరకులో ఇప్పుడు ఆ పని వాట్సాప్ గొంతు కబుర్లు చేస్తున్నాయి. కీబోర్డు దిద్దుళ్ళ బాధ లేదు, లిపి గొడవ లేదు. నిమిషం మాట వందా నూటయాభై కిలోబైట్లలో ఇమిడిపోతుంది. విదేశ్ సంచార్ నిగమ్ నాటి లైను మీదైనా రెండు మూడు నిమిషాల్లో చేరిపోయేంత మూట. చెట్టుకింద కూర్చుని బొత్తాం నొక్కి కువిలో గబగబా చెప్పేసి, సెల్లు జేబులో పెట్టుకుని పోడులోకి వెళ్తారు. మెట్ట మీద సిగ్నల్ అందినప్పుడు అది తనంతట తనే బయల్దేరుతుంది.